దోమలు పట్టే మా అమ్ములు

అమ్ములూ,

నిన్న పొద్దున ఫోన్ మోగితే నువ్వే అనుకున్నాను.

"ఏంటే, నిన్న ఎన్ని పట్టావు?" అన్నాను.

అవతల నువ్వు కాదు. నీతో పనిచేసే రవి. ఏడుస్తున్నాడు.

తుని దగ్గర ఊళ్ళకి పనికి వెళ్ళావు. లాడ్జిలో పడుకున్నదానివి మళ్ళీ లేవలేదట. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు.

ఫోన్ పెట్టేయడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయాను.

నేను అయిదో క్లాసుతో ఆపేసినదాన్ని. కాగితం మీద రాసిస్తే నీ చెల్లెలు కంప్యూటర్లో నీ పేజీలోకి ఎక్కిస్తోంది. నీ స్నేహితులంతా అక్కడే ఉంటారంది. బాబూ, అమ్మా, అందరికీ నమస్కారం. మీకు డాక్టర్ సత్యవతి. నాకు అమ్ములు.

ఏడుపు గురించి రాయను. అది ఇంట్లో ఉంది, చాలు.

పిల్లలకి వచ్చే మెదడువాపు జ్వరం ఎలా పాకుతుందో కనిపెట్టడం నీ పని. కొంగల్లో, పందుల్లో ఉండే రోగాన్ని వరిచేలల్లో పుట్టే దోమ మోసుకొస్తుందని నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు.

ఆ దోమల కోసం మొదటిసారి మన గేదెల పాకలోకి వెళ్ళావు. దీపాలు పెట్టే వేళ. గాజు గొట్టానికి రబ్బరు ట్యూబు తగిలించి, ఆ ట్యూబు నోట్లో పెట్టుకుని, గోడ మీది దోమని లోపలికి పీల్చావు.

గొట్టంలో సన్నటి గుడ్డ అడ్డం ఉంటుంది, దోమ నోట్లోకి రాదు. అది నాకేం తెలుసు?

"ఉమ్మెయ్యవే! ఉమ్మెయ్!" అని నీ వీపు మీద చరిచాను.

గొట్టం జారింది. దోమ ఎగిరిపోయింది.

"అమ్మా, ఇంతసేపూ దానికోసమే కాపు కాశాను!" అని నెత్తి కొట్టుకున్నావు.

"చదువుకి పంపిస్తే పిల్ల దోమలు తాగడం నేర్చుకొచ్చిందమ్మా" అని వీధంతా నవ్వింది. నువ్వూ వాళ్ళతో కలిసి నవ్వావు.

పట్టిన దోమల్ని తెర కట్టిన పెట్టెలో వేసి, పైన తడి తువ్వాలు కప్పేదానివి. అవి బతకాలని, నేను పాయసం కోసం దాచిన కిస్మిస్ నానబెట్టి వాటికి పెట్టేశావు.

ఆ రోజు మీ నాన్నగారు పాయసంలో గరిటె పెట్టి వెతికారు. "కిస్మిస్ ఏవే?"

"మీ అమ్మాయి చుట్టాలొచ్చారండి. వాళ్ళకి పెట్టింది" అన్నాను.

వాటిలో రోగం ఉందో లేదో పరీక్ష చెయ్యడానికని ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని పాలకొల్లు బస్సెక్కావట. పక్క సీటు ఆవిడ "ఏంటమ్మా, స్వీట్లా?" అంది.

"కాదండి, దోమలండి."

ఆ తర్వాత సీటంతా నీదే.

ఒక ఏడాది మన ఊళ్ళో పిల్లలున్న ఇళ్ళకి దోమతెరలు పంచారు. కొన్నాళ్ళకి నువ్వొచ్చి చూస్తే ఏముంది, మన వీధిలో గేదెలన్నీ తెరల్లో పడుకున్నాయి. పిల్లలు మాత్రం పక్కనే నులక మంచాల మీద ఉన్నారు.

"ఇదేంటత్తా?" అని పక్కింటి సూరమ్మ వదినని అడిగావు.

"దోమలు కుడితే గేదె పాలు తగ్గించెయ్యదేంటే? మీ మావయ్యని ఎంత కుట్టినా తగ్గేదేముంది?"

నవ్వి నవ్వి గడ్డిలో కూలబడ్డావు. తర్వాత లేచి మెల్లగా చెప్పావు.

"గేదె దొరక్కపోతే దోమ ఉపాసం ఉంటుందా అత్తా? పక్క మంచం మీదున్నవాడి దగ్గరికి పోతుంది."

ఆ మంచం మీద ఉన్నది ఆవిడ మనవడు.

ఆ సాయంత్రమే తెర మంచం మీదికి వచ్చింది. గేదె మీదికి మావయ్య పంచె వెళ్ళింది.

ఇవన్నీ తలుచుకుని నవ్వుకుందామనే మొదలుపెట్టాను. కానీ ఒక మాట చెప్పాలి.

నిన్నటి నుంచి ఊళ్ళో అంటున్నారు, ఆ దోమలే కుట్టి నువ్వు పోయావని.

ఈ పొద్దున సూరమ్మ వదిన మాకోసం క్యారేజీలో అన్నం తెచ్చి, నా పక్కన కూర్చుని అదే మాట అంది.

"ఆ జ్వరమే పట్టుకుపోయిందంటగా వదినా పిల్లని. ఇక మా పాకలోకి ఎవర్నీ రానివ్వనమ్మా."

"గుండె వదినా. డాక్టర్లు చూసి చెప్పారు. దోమ కాదు."

"ఏమో. మనకేం తెలుసు?"

"నువ్వు పాక తలుపేస్తే దోమ ఊరొదిలి పోతుందా? అక్కడే ఉంటుంది. దాంట్లో రోగం ఉందో లేదో మాత్రం ఎవరికీ తెలియదు. పోయినేడు జ్వరం వచ్చి మాట పడిపోయిన పిల్లాడు మన వీధివాడే కదా."

వదిన క్యారేజీ విప్పి, అన్నం కలిపి, ముద్ద నా చేతిలో పెట్టింది.

"సాయంత్రం ఏ వేళకొస్తారంట, దోమలు పట్టే ఆ పిల్లలు?" అని అడిగింది.

రవి నిన్న అడిగాడు, "పని కొన్నాళ్ళు ఆపేద్దామా అమ్మా?" అని.

వద్దు బాబూ. ఊడ్పులయ్యాయి, చేలల్లో నీళ్ళున్నాయి. ఇప్పుడు పట్టకపోతే ఏడాది వృథా అని అమ్ములే అనేది. మీరు రండి. మా పాక తలుపు తీసే ఉంటుంది.

చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళెవరైనా ఇది చదివితే, మీ పాకల్లోకి కూడా ఈ పిల్లల్ని రానివ్వండి. నా కూతుర్ని దోమ చంపలేదు. దోమ వల్ల ఇంకొకరి బిడ్డ పోకూడదని నా కూతురు తిరిగింది.

అమ్ములూ, పాకల వెంట తిరిగి తిరిగి అలిసిపోయావు. చల్లగా పడుకో తల్లీ. నీ ప్రాణం నెమ్మదిగా ఉండాలి. ఇంక వెళ్ళిరా.

రవీ, మిగతా పిల్లలూ, నిన్నటి నుంచి మీరెవరూ ఏమీ తినలేదని విన్నాను. ఇది చదువుతున్న మీరందరూ కూడా. లేవండి. కడుపునిండా అన్నం తినండి.