పార్కింగ్ నోటీసు పట్టుకుని గోల్‌బర్న్‌కి

సిడ్నీ నుంచి గోల్‌బర్న్‌కి వెళ్ళేవాళ్ళు పాత చర్చిలు చూడటానికో, ఊరి చివర నిలబెట్టిన కాంక్రీటు పొట్టేలు పక్కన ఫోటో దిగటానికో వెళ్తారు. నేను ఒక పార్కింగ్ నోటీసు రద్దు చేయించటానికి వెళ్ళాను. అలాంటి పని మీద ఇంకెవరైనా వెళ్ళాల్సి వస్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఎవరికీ పనికి రాకపోతేనే నాకు సంతోషం.

ముందు నోటీసు సంగతి చెప్పాలి. మా తమ్ముడు భాస్కర్ కాన్‌బెర్రాలో ఉద్యోగం చేసేవాడు. వారమంతా అక్కడ, శని ఆదివారాలు సిడ్నీ శివారు ఎడ్మండ్‌సన్ పార్క్‌లో భార్య విజయ దగ్గర. మా ఇల్లు వాళ్ళ పక్క వీధిలోనే. చలికాలంలో ఒకరోజు ఆఫీసులోనే గుండెపోటు వచ్చి పోయాడు. దహనం కాన్‌బెర్రాలోనే జరిగింది. అస్థికలు తీసుకుని విజయా నేనూ ఆమె కారులో సిడ్నీకి బయల్దేరాం. సగం దారిలో, గోల్‌బర్న్ దగ్గర హైవే పక్కనున్న ఫాస్ట్ ఫుడ్ హోటల్లో కాసేపు ఆగుదామంది. ప్రతి శుక్రవారం ఇంటికొస్తూ భాస్కర్ ఆగేది అక్కడేనట.

అస్థికలు తినే చోటికి తీసుకెళ్ళకూడదు. ఒంటరిగా వదలనూ కూడదు. మా అమ్మ ఫోన్లో ఒకటికి పదిసార్లు చెప్పింది. అందుకని వంతులు వేసుకున్నాం. ముందు నేను వెళ్ళి మొహం కడుక్కుని, కాఫీ తాగి వచ్చాను. తర్వాత విజయ వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. ఆమె ఫోను కారులోనే ఉండిపోయింది. వెళ్ళి పిలుద్దామంటే వెనక సీట్లో తమ్ముణ్ణి వదిలి వెళ్ళాలి. తలుపు తీయటం, మళ్ళీ వేసుకుని కూర్చోవటం, ఇదే నా పని అయింది. బాగా చీకటి పడ్డాక వచ్చింది. భాస్కర్ ఎప్పుడూ కొనే చిప్స్ పొట్లమే కొని, వాడు కూర్చునే బల్ల దగ్గరే కూర్చుండిపోయిందట. అక్కణ్ణుంచే వాడు ఆమెకు వీడియో కాల్ చేసేవాడు కాబట్టి బల్ల గుర్తుపట్టింది. పొట్లం మాత్రం అలాగే చేతిలో ఉంది.

అస్థికలు గోదావరిలో కలిపి రాజమండ్రి నుంచి తిరిగొచ్చేసరికి విజయ పేరు మీద నోటీసు వచ్చి ఉంది. అక్కడ కస్టమర్లకైనా గంటన్నరే పార్కింగట, అంతకు మించి ఉన్నామట. పార్కింగ్ చూసుకునేది హోటల్ కాదు, ఒక ప్రైవేటు కంపెనీ. వాళ్ళ వెబ్‌సైట్లో రెండుసార్లు అప్పీలు పెట్టాను. రెండుసార్లూ మనిషన్నవాడు చదివిన జాడ లేని జవాబే వచ్చింది. ఒళ్ళు మండింది. కట్టేసి వదిలించుకుందామని విజయతో అన్నాను.

“కట్టొద్దు బావగారూ,” అంది. “కడితే అక్కడ కూర్చోవటం నా తప్పేనని ఒప్పుకున్నట్టేగా. ముగ్గురం కలిసి ఆగింది అదే లాస్ట్.”

హోటల్ మేనేజరు రాసి పంపితే మళ్ళీ పరిశీలిస్తామని కంపెనీ జవాబులో ఎక్కడో అడుగున ఉంది. హోటల్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. ఇక మనిషే వెళ్ళాలి.

మంగళవారం ఆరున్నరకు ఎడ్మండ్‌సన్ పార్క్‌లో రైలెక్కాను. ఆ దారిన మళ్ళీ కారు నడిపే ధైర్యం నాకు లేదు. గ్లెన్‌ఫీల్డ్‌లో ఒకసారి, కాంప్‌బెల్‌టౌన్‌లో ఒకసారి మారాలి. గోల్‌బర్న్ దాకా వెళ్ళే రైళ్ళు రోజుకు కొన్నే. మిగతావి మాస్ వేల్‌లో ఆగిపోతాయి, చూసుకుని ఎక్కండి. సిటీ రైళ్ళలో వాడే కార్డే చెల్లుతుంది. దారిలో తినటానికి ఏమీ దొరకదు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర నా సంచిలో ఉంది గానీ, తినబుద్ధి కాలేదు.

పిక్టన్ దాటాక ముసురు పట్టింది. తడిసిన పచ్చిక, దూరదూరంగా గొర్రెలు, మధ్యమధ్య యూకలిప్టస్ చెట్లు. మామూలు రోజైతే బాగుండేదేమో. ఎదురుగా కూర్చున్న ముసలాయన నా చేతిలో కాగితం చూసి, ప్రైవేటు వాళ్ళదేనా అని అడిగాడు. అవునన్నాను.

“చెత్తబుట్టలో పడెయ్ మేట్. నేను మూడు పడేశాను. ఎవడూ రాలేదు.”

అది మా మరదలి పేరు మీద వచ్చిందనీ, తన తప్పేమీ లేదని ఎవరైనా రాసిస్తే చాలని ఆమె కోరిక అనీ చెప్పాను. భర్త సంగతి కూడా చెప్పాను. “అయితే పడెయ్యకు,” అన్నాడు. మాస్ వేల్‌లో దిగేటప్పుడు నా భుజం తట్టి వెళ్ళాడు.

గోల్‌బర్న్ చేరేసరికి పది దాటింది. స్టేషన్ బయట టాక్సీ లేదు. ఫోన్ చేస్తే అరగంట ఆగమన్నారు. గొడుగు వేసుకుని నడిచాను. ముప్పావుగంట పైనే పట్టింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే టాక్సీ చెప్పుకోవటం మంచిది. ఊరు దాటుతుండగా ముసురులోంచి పొట్టేలు తల కనిపించింది. దాని అవతలే హోటల్.

పార్కింగ్ బోర్డు ఉంది. చిన్నదేం కాదు, మనిషంత ఉంది. ఆ రోజు కారు ఆపింది సరిగ్గా దాని ఎదురుగానే. అంతసేపు దాని ముందు కూర్చుని కూడా నేను దాన్ని చూడలేదు.

మేనేజరు ముప్పై ఏళ్ళ పంజాబీ అమ్మాయి. నోటీసు చూపించాను. ప్రతి శుక్రవారం సాయంత్రం నీలం కారులో వచ్చేవాడు, కిటికీ పక్కన కూర్చునేవాడు అని భాస్కర్ గురించి చెప్పాను. తను వచ్చి నెలే అయిందనీ, అప్పటివాళ్ళు ఎవరూ ఇప్పుడు లేరనీ అంది. వాణ్ణి ఎరిగిన మనిషి ఒక్కరైనా ఉంటారని ఎందుకో ఆశపడ్డాను.

ఆమె లాప్‌టాప్ తెరిచి వివరాలు అడిగింది. ఏ రోజు, కారు నంబరు ఎంత, కస్టమర్లు ఎంతమంది. ఇద్దరం లోపలికి వచ్చామనీ, ఒకరు కారులోనే ఉన్నారనీ చెప్పాను. ఆ మూడో మనిషి ఎందుకు రాలేదని అడిగింది. ఇన్నేళ్ళుగా బ్యాంకులో ఇంగ్లీషుతోనే బతుకుతున్నవాణ్ణి, ఆ ఒక్కదానికి మాట దొరకలేదు. అస్థికలకు ఇక్కడివాళ్ళు వాడే మాట పొయ్యిలో బూడిదకూ వాడేదే. తమ్ముణ్ణి ఆ మాటతో చెప్పలేకపోయాను. వాడు మా తమ్ముడనీ, కాన్‌బెర్రాలో దహనం చేసి తీసుకొస్తున్నామనీ, వాణ్ణి ఒంటరిగా వదలకూడదనీ మాత్రం అన్నాను.

ఆమె చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. “మావాళ్ళూ వదలరు అంకుల్,” అంది. “మా నాన్నని నదిలో కలపటానికి కీరత్‌పూర్ తీసుకెళ్ళేటప్పుడు మా అన్నయ్య రైల్లో రెప్ప వేయలేదు.”

తర్వాత టైపు చేసి, స్క్రీన్ నా వైపు తిప్పింది. ఆ రోజు ముగ్గురు కస్టమర్లు వచ్చారు, ఒకరు లోపలికి రాలేని స్థితిలో ఉంటే మిగతా ఇద్దరూ వంతులవారీగా తోడున్నారు, ఆలస్యంలో వాళ్ళ తప్పు లేదు అని ఉంది. దాన్ని పంపేసి, కంపెనీ ఒప్పుకుంటుందో లేదో చెప్పలేనంది. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగాను. చిప్స్ కొనలేదు.

మధ్యాహ్నం రైలెక్కి, బండనూన్ దాటుతుండగా ఫోన్లో మెయిల్ వచ్చింది. హోటల్ వారి వివరణ అంగీకరించి నోటీసు రద్దు చేశామన్నారు. వెంటనే విజయకు ఫోన్ చేశాను. రద్దయిందంటే ఆమె సంతోషించినట్టు అనిపించలేదు. మేనేజరు ఏమని రాసిందో చెప్పమంది. చెప్పాను.

“ముగ్గురనే రాశారా?”

“అవునమ్మా. ముగ్గురనే.”

ఆమె ఫోన్ పెట్టేయలేదు. నేనూ ఫోన్ పెట్టేయలేదు. రైలు ఒక సొరంగంలోకి వెళ్ళినప్పుడు లైను దానంతటదే తెగిపోయింది.

గోల్‌బర్న్ చూడదగ్గ ఊరే. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వెళ్ళిన పని అయింది, మేమే గెలిచాం. కానీ ఈ తగాదా నడిచినన్నాళ్ళూ ఆ సాయంత్రం ఇంకా అయిపోలేదనీ, మేమింకా ఆ బోర్డు ముందే ఆగి ఉన్నామనీ అనిపించేది. ఇప్పుడు అదీ అయిపోయింది.

ఎడ్మండ్‌సన్ పార్క్‌లో దిగేసరికి చీకటి పడింది. విజయ కారు తీసుకుని స్టేషన్‌కి వచ్చింది. అనుకోకుండా వెనక సీటు వైపు చూశాను. తర్వాత ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. ఇద్దరం ఇంటికి బయల్దేరాం.