ఉప్పు గది గోడ

మణెమ్మ ఆ గోడను మొదటిసారి చూసినప్పుడు చెయ్యెత్తి దండం పెట్టినంత పని చేసింది. లేతాకుపచ్చ కాగితం, దాని మీద గోడ నిండా గులాబీరంగు తీగలు. ఇల్లు అమ్ముతున్న చేపల వ్యాపారి బాపిరాజు కూడా ఊరుకోలేదు.

"బెజవాడ నుంచి తెప్పించి అంటించానండీ. ఇహ మీకు జన్మలో సున్నం వేసే పనే ఉండదు," అన్నాడు.

గోడకాగితం చూసి ఇల్లు కొనడమంటే చీర చూసి పిల్లను చేసుకోవడమే. ఆ మాట చెప్పవలసినవాడు మణెమ్మ భర్త అప్పారావు. ఎందుకంటే ఆకివీడులో బాపిరాజు చేపల ప్యాకింగు షెడ్డు నడిపిన రోజుల్లో ఈ గదే ఆ షెడ్డుకు ఉప్పు గది. వయసులో ఉండగా ఆ గదిలోకి బస్తాలు మోసిందీ, అలిసిపోయి ఆ గోడకే వీపు ఆనించిందీ అప్పారావే. అన్నేళ్ళ ఉప్పు ఇటుకల్లోకి దిగకుండా ఎక్కడికి పోతుంది? ఆయనకు తెలియదంటే నమ్మడం కష్టం. తెలిసినా పక్కకు తోసేసి ఉంటాడు. బస్తాలు మోసిన గదికి సొంతదారు అయ్యే రోజున కూలివాడికి గోడలో ఉప్పు గుర్తుకు రమ్మంటే వస్తుందా?

ఇల్లు కొన్న రెండో వానాకాలానికి కాగితం పొంగింది. అప్పటికే ఐసుగడ్డల మధ్య పనిచేసీ చేసీ అప్పారావుకు ఆయాసం పట్టుకుంది. పొడి గదిలో పడుకోబెట్టకపోతే ఎన్నాళ్ళో నిలవడని ఏలూరు డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఉన్నది ఒక్క గది.

మణెమ్మ కొంగు బిగించింది. వేడినీళ్ళలో గుడ్డ ముంచి కాగితాన్ని తడిపి, అట్లకాడతో గీకింది. కుళ్ళిన మైదా జిగురు కంపుతో కాగితం పొరలుపొరలుగా ఊడివచ్చింది. వెనకాల నల్లటి బూజు, దాని మీద తెల్లగా ఉప్పు పూత. పైన పటారం, లోన లొటారం. బాపిరాజును ఆ పూట ఆవిడ తిట్టని తిట్టు లేదు.

తాపీమేస్త్రి విశ్వాసం వచ్చి గోడ తట్టి చూశాడు. "నాకు వదిలెయ్యండక్కా, అద్దంలా చేసి పెడతాను," అని పాత పూతంతా రాల్చి, కొత్తగా సిమెంటు పూసి, పుట్టీ పట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, తెల్లరంగు వేశాడు. నిజంగానే అద్దంలా ఉంది. అప్పారావు మంచం ఆ గోడ పక్కనే వేసుకుని, "ఇప్పుడు ఊపిరాడుతోందే మణీ," అన్నాడు. ఆ మాటకు మణెమ్మ వసారాలోకి వెళ్ళి సంతోషంతో ఏడ్చింది.

వాన పడగానే గోడకు మళ్ళీ చెమట పట్టింది. దీపావళికల్లా రంగు బుడగలు కట్టింది, క్రిస్మస్‌కి పెచ్చులు అప్పారావు దుప్పటి మీద రాలాయి. మరుసటి ఏడు విశ్వాసం మళ్ళీ చెక్కాడు, మళ్ళీ పూశాడు. మూడోసారి పిలిస్తే గోడ వైపు చూడకుండా, "ఇటుకే ఉప్పు తాగేసిందక్కా. గోడ పడగొట్టి కట్టుకోవాలి గానీ, దీన్ని బాగుచెయ్యడం నా వల్ల కాదు," అని వెళ్ళిపోయాడు. పడగొట్టి కట్టే స్తోమతే ఉంటే ఆవిడకు ఈ అవస్థ దేనికి?

మిగిలింది ఒకటే దారి. ఇల్లు అమ్మి, చింతలపూడిలో చెల్లెలు పుష్పమ్మ ఇంటి పక్క గదిలోకి మారడం. అక్కడ మెరక, ఎర్రమట్టి. కానీ ఆ గోడ చూసి ఇల్లెవరు కొంటారు?

మణెమ్మ బజారుకు వెళ్ళి పూల కాగితం చుట్టలు తెచ్చింది. మైదా ఉడికించి జిగురు కాచింది. బాపిరాజును తిట్టిన నోటితోనే ప్రార్థన చేసుకుని, బాపిరాజు చేసిన పనే చేసింది. కాగితం చక్కగా కుదిరింది.

ఇల్లు చూడడానికి వట్లూరు నుంచి కెజియా అనే అమ్మాయి, భర్త, చంకలో బిడ్డ వచ్చారు. దగ్గు వినబడకుండా అప్పారావును ముందే పక్కింటి అరుగు మీద కూర్చోబెట్టింది మణెమ్మ.

"ఎంత ముచ్చటగా ఉందండీ పిన్నిగారూ!" అంది కెజియా. కొత్త కాగితం పూల మీద బిడ్డ అరచేత్తో టపటపా కొట్టి నవ్వింది. "దీనికి జలుబు ఊరికే చేస్తుందండీ. గది పొడిగానే ఉంటుంది కదండీ?"

ఉంటుందమ్మా అనాలి. నాలుగు రోజులుగా ఆ ఒక్క మాటే అలవాటు చేసుకుంది. తీరా నోరు తెరిచేసరికి, "వద్దమ్మా," అని వచ్చింది. "ఇది ఉప్పు గది. ఈ గోడ ఆరదు. పిల్లను తీసుకుని వెళ్ళిపొండి."

కెజియా బిడ్డ చేతిని కొంగుతో తుడిచింది. చాలా మంచివారండీ మీరు అని వెళ్ళిపోయారు. ఆ మంచితనం ఎవరికి కావాలి?

పక్కింటి అరుగు మీంచి లేచి, మణెమ్మ భుజం పట్టుకుని లోపలికి వస్తూ అప్పారావు అడిగాడు. "ఏమన్నారే?"

"నచ్చిందన్నారండీ. మళ్ళీ ఆదివారం వస్తారంట."

"చింతలపూడిలో ఆ గది ఖాళీగానే ఉందా?"

"మనకోసమే ఉంచిందండీ చెల్లి."

"ఎర్రమట్టి కదా. చెమ్మ ఉండదు."

"అసలుండదండీ."

అప్పారావు నవ్వుతూ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మణెమ్మ వసారాలోకి వెళ్ళి, గిన్నెలో మిగిలిన జిగురును పారబోసింది.