ఈడ పాడతాది, ఆడ పాడదు

పోయిన వారం కొత్తచెరువు నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. వాళ్లింట్లో జరిగిన సీమంతం వీడియోను తానే కంప్యూటర్‌లో కూర్చిందట. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే మాటలన్నీ చక్కగా వినిపిస్తున్నాయట, అదే వీడియోను ఫోన్ స్పీకరులో పెడితే మాత్రం ఒక్క మాటా రావడం లేదట. సౌండు బటన్లన్నీ చూసి, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసి, ఏమీ తేలక చివరికి నన్ను తలచుకుంది. వీడియో సౌండులోని కుడి ఎడమల్లో ఒకదాన్ని తీసేసి, మిగిలినదాన్నే రెండు వైపులా పెట్టి చూడమన్నాను. కాసేపటికి, వచ్చేసింది పెద్దమ్మా అని మెసేజ్ పెట్టింది. ఆ పిల్లకు నేనేదో మంత్రం వేసినట్టు అనిపించి ఉంటుంది గానీ, ఆ ఒక్క ముక్క తెలుసుకోవడానికి ఒకప్పుడు నేను హిందూపురం నుంచి ధర్మవరం దాకా రైలెక్కి పోవలసి వచ్చింది.

అవి పెళ్లి వీడియోలు క్యాసెట్ల నుంచి సీడీల్లోకి మారుతున్న రోజులు. మీలో చాలామంది బీరువాల్లో, పెళ్లి ఆల్బమ్ పక్కనే, అలాంటి సీడీ ఒకటి ఇంకా ఉండే ఉంటుంది. హిందూపురంలో మాకొక చిన్న స్టూడియో ఉండేది. మా ఆయన కెమెరా పట్టుకుని పెళ్లిళ్ల వెంట తిరిగేవారు, నేను వెనక గదిలో కూర్చుని మిక్సింగ్ చేసేదాన్ని. ఆ పని నాకు ఎవరూ నేర్పలేదు. ఏ మీట నొక్కితే ఏమవుతుందో నొక్కి చూసి నేర్చుకున్నదే. కొత్త దంపతుల మీద గులాబీ రేకులు రాల్చడం, హృదయం ఆకారంలో ఇద్దరి ముఖాలనూ ఆకాశంలో తేల్చడం ఇవాళ చూస్తే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఆ రేకులు సరిగ్గా తలంబ్రాల వేళకే రాలాలని నేను పడిన తాపత్రయం అంతా ఇంతా కాదు.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒక ఇంటి అమ్మాయిని హిందూపురం అబ్బాయికిచ్చి, ఇద్దరికీ నడుమన ఉంటుందని పెనుకొండలో పెళ్లి చేశారు. అప్పగింతల వేళ పెళ్లికూతురి అవ్వ పాట పాడింది. వాళ్ల వీధిలో ఏ ఇంట శుభకార్యమైనా ఆమె పాట ఉండవలసిందేనట గానీ, మైకు ముందు పాడటం ఆమెకు అదే మొదటిసారి. మండపంలోని గోలకు ఆ గొంతు కెమెరాకు అందదని మా ఆయన మైకు పెట్టె నుంచే ఒక వైరు కెమెరాకు లాగి, పాట కాగానే తీసేశారు.

సీడీ ఇచ్చిన కొన్నాళ్లకు పెళ్లికూతురి నాయన దాన్ని పట్టుకుని మా అంగడికి వచ్చాడు.

“ఏమప్పా, మేళం వినపడతాది, అయ్యవారి మంత్రాలు వినపడతాయి. మా యమ్మ నోరు తెరిస్తే మాత్రం మూగబొమ్మే.”

ఆ అవ్వ తన గొంతు తాను విందామన్న ముచ్చటతో వీధిలోని ఆడవాళ్లందరినీ పిలుచుకుని టీవీ ముందు కూర్చుందట. తెరమీద పెదవులు కదులుతున్నాయి, పాట లేదు. ఎవరో కిసుక్కున నవ్వారట, ఇంకెవరో గొంతు బాగలేదని కోసేసి ఉంటారన్నారట. ఆ మాట పట్టుకుని ఆమె ఆ రోజు నుంచీ పాడటమే మానేసిందట.

మా కంప్యూటర్‌లో వేసి చూస్తే పాట నిక్షేపంగా ఉంది. ఆయన విని, సంతోషించి, ఇంకో సీడీ తీసుకుని వెళ్లాడు. మళ్లీ వచ్చాడు.

“ఈడ పాడతాది, ఆడ పాడదు. ఇదేం మాయమ్మా?”

వాళ్ల టీవీదే లోపమని మా ఆయన తేల్చేశారు. మరి అదే టీవీలో మేళం ఎలా వస్తోందన్నది నా సందేహం. టేపు మళ్లీ ఎక్కించాను, సౌండు గీతను పైకి లాగాను, వేరే రకం సీడీ మీద రాశాను. తెర మీద ఆ పాట సౌండు గీత గుట్టలు గుట్టలుగా లేచి కనిపిస్తూనే ఉంది, స్పీకర్లలో వినిపిస్తూనే ఉంది. అన్నం కలుపుకుంటున్నా అదే ఆలోచన. చివరికి, లోపం కనిపించే చోటికే పోయి చూస్తానని పొద్దున ప్యాసింజర్ ఎక్కాను.

వాళ్లింటి ముందుగదిలో సగం మగ్గమే. అవ్వ గోడకు ఆనుకుని కండెలకు దారం చుడుతోంది. నన్ను చూసి చేయి ఆపలేదు.

“నా గొంతు బాగలేదని కోసేసినారంట గదమ్మా? కోస్తే కోసినారు. ముందే చెప్పింటే వీధంతా పిలిచేదాన్ని కాదు.”

సీడీ వేశాను. వాళ్లు చెప్పినట్టే మేళం వచ్చింది, పాట రాలేదు. టీవీ వెనక్కి వంగి చూస్తే సీడీ ప్లేయర్ నుంచి ఎరుపు, తెలుపు వైర్లు రెండు వచ్చి ఉన్నాయి గానీ, టీవీకి ఉన్నది ఒకే స్పీకరు. మా గదిలో రెండు. తేడా అదొక్కటే కదా అని, ఏమవుతుందో చూద్దామని ఎర్ర వైరు పీకాను.

అవ్వ పాట గదంతా నిండింది.

మళ్లీ పెట్టాను, పోయింది. పీకాను, వచ్చింది. ఈసారి తెల్లది పీకి ఎర్రది ఉంచాను, అప్పుడూ వచ్చింది. రెండూ కలిస్తేనే మాయం! దారాన్ని ఇద్దరు చెరో కొస పట్టుకుని సమంగా లాగితే అది ఎటూ కదలదే, అలాంటిదేదో జరుగుతోందని లీలగా తట్టింది. ఆ ఉత్సాహంలో అవ్వ సంగతే మరిచిపోయి, వెనక్కి తిరిగి చూద్దును గదా, ఆమె చేతిలో కండె ఆగిపోయి ఉంది.

“ఇది నా గొంతు కాదే” అంది. వేరెవరి పాటో పెట్టి సర్దుతున్నానని అనుకుందేమోనని భయపడ్డాను. ఆమె మాత్రం టీవీ దగ్గరికి జరిగి, ఇంకాసేపు విని, కొడుకు వైపు తిరిగింది.

“ఇది మా యమ్మ గొంతు రా. మా యమ్మ నాలో యాడ దాంకొని ఉండాదిరా ఇంతకాలం?”

ఆమె తల్లి పోయి అప్పటికి ఎన్నేళ్లయిందో నేను అడగలేదు. పాట అయ్యాక ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, పక్కింటి వాళ్లను కేకేయమంది.

ఇంటికొచ్చి, కుడి ఎడమ స్పీకర్లకు పోయే రెండు సౌండు గీతల్లోని ఆ గుట్టలను పెద్దవి చేసి చూస్తే, ఎడమది పైకి లేచిన చోటల్లా కుడిది కిందికి దిగుతోంది, నీళ్లలో నీడలాగా. ఆ రకం మైకు పెట్టెలు గొంతును ఒకసారి సూటిగా, ఒకసారి తిరగేసి పంపుతాయని, మా కెమెరా ఆ రెండింటినీ కుడి ఎడమలుగా పట్టుకుందని, ఒకే స్పీకరులో కలిసినప్పుడు అవి ఒకదాన్నొకటి మింగేస్తాయని తర్వాత ఎప్పటికో తెలిసింది. కుడిదాన్ని తీసేసి, ఎడమదాన్నే రెండు వైపులా పెట్టి కొత్త సీడీ పంపాను. ఆ అవ్వ మళ్లీ పెళ్లిళ్లలో పాడుతోందని విన్నాను.

ఇప్పుడు ఆ స్టూడియో లేదు, నా పనంతా ఫోన్‌లోనే అయిపోతోంది. పసిపిల్లలు సైతం తమ గొంతు తాము వింటూనే పెరుగుతున్నారు. వాట్సాప్‌లో రోజూ నేను పంపే మాటలు నాకే ఎన్నిసార్లు వినిపిస్తాయో లెక్కలేదు. విని విని నా గొంతు నాకు పాతబడిపోయింది. మా అమ్మ పోయి ఇన్నేళ్లయింది, ఆమె ఈ గొంతులో ఎక్కడైనా ఉందేమోనని ఒక్కసారైనా నేను చెవి ఒగ్గి వినలేదు.