నేను చెప్పిన అరగంట

1983 వేసవి. ఫ్లోరిడాలో ఒక పెద్ద థీమ్ పార్కు. అందులో పాత ఓడ ఆకారంలో కట్టిన రెస్టారెంటు ఒకటి ఉండేది. దాని గుమ్మం దగ్గర నేను హోస్టెస్‌ని. అంటే, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని, వంతు రాగానే పిలిచి, లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టే మనిషిని. బాపట్లలో టీచర్ ట్రైనింగ్ అయిన దాన్ని, ఇక్కడ నావికుల కాలరున్న తెల్ల చొక్కా, నీలం స్కర్టు వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నవ్వుతూ నిలబడాలి. మొదటి నెలంతా ఇంటికెళ్ళాక కాళ్ళకంటే బుగ్గలే ఎక్కువ నొప్పి పుట్టేవి.

లోపల వండేది అద్భుతమేమీ కాదు. కానీ ఓడ కెప్టెన్ వేషం వేసిన మనిషి ప్రతి టేబుల్ దగ్గరికీ వచ్చి పిల్లల్ని పేరు పెట్టి పలకరించేవాడు. అందుకని పిల్లలున్న ప్రతివాళ్ళకీ అక్కడే తినాలని ఉండేది. ఇప్పటిలా నెలల ముందు బుక్ చేసుకునే పద్ధతి అప్పుడు మా దగ్గర లేదు. పార్కు గేటు తెరవగానే జనం రైడ్లు వదిలేసి మా గుమ్మం దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఆ రోజుకి పేరు రాయించుకునేవారు. పదిన్నరకల్లా మధ్యాహ్నం భోజనం జాబితా నిండిపోయేది. ఆ తర్వాత రిజర్వేషన్ లేకుండా వచ్చేవాళ్ళని వాక్-ఇన్ అంటాం. పేరు రాయించుకుని కూడా రానివాళ్ళు నో-షో. నో-షోలు ఎందరుంటే అందరు వాక్-ఇన్‌లకి చోటు. అంతకుమించి లెక్కేమీ లేదు.

వాక్-ఇన్‌కి ఎంతసేపు పడుతుందో చెప్పడాన్ని కోట్ చేయడం అంటారు. నాకు పని నేర్పిన డోరతీ అనే పెద్దావిడ మొదటి రోజే చెప్పింది. "గంట పడుతుందనిపిస్తే గంటన్నర అని చెప్పు. ముందే పిలిస్తే నిన్ను మెచ్చుకుంటారు. ఆలస్యంగా పిలిస్తే నీ మీద పడతారు." నేను ఈ నియమాన్ని ఏడాదిపాటు తప్పకుండా పాటించాను. తప్పింది ఒక్కసారే. ఆ ఒక్కసారి గురించే ఇది.

జూలైలో ఒకరోజు, పన్నెండు దాటింది. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకావిడకి గంటన్నర అని కోట్ చేశాను. ఆవిడ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వెనకనుంచి తెలుగులో ఒక ఆడగొంతు వినిపించింది. "ఇంకా ఎంతసేపండీ, కాళ్ళు పీకేస్తున్నాయి నాకు."

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల తెలుగు వినాలంటే నెలకోసారి ఎవరింట్లోనో జరిగే తెలుగు ప్రార్థన కూటానికి వెళ్ళాల్సిందే. నేను చేతిలో పెన్సిల్ వదిలేసి తలెత్తాను. నలభై అయిదేళ్ళ మనిషి, ఆయన భార్య, పన్నెండేళ్ళ అమ్మాయి.

"తెలుగువాళ్ళా అండీ మీరు?" అన్నాను.

"అయ్యో, అవునమ్మా! ఏ ఊరు మీది?"

"బాపట్ల."

"మాది చీరాల! ఇదిగో విమలా, పక్క ఊరమ్మాయి దొరికింది చూడు." ఆయన పేరు ప్రభాకర్. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటూ కార్ల కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తున్నారట. రెండు రోజులు డ్రైవ్ చేసుకుంటూ వచ్చారు. విమలగారు నా మెడలో చిన్న సిలువ చూసి, "వందనాలు సిస్టర్. మాకు అక్కడ తెలుగు చర్చి ఉందమ్మా, పదిహేను ఫ్యామిలీలం," అన్నారు. కూతురు షీలా మాత్రం ఊరూ చర్చీ పట్టించుకోకుండా, "ఆంటీ, కెప్టెన్ నిజంగా టేబుల్ దగ్గరకి వస్తాడా?" అంది.

ప్రభాకర్‌గారు మొహమాటంగా నవ్వారు. "మేం రిజర్వేషన్ చేయించలేదమ్మా. పొద్దున్నే రైడ్ల మీద పడ్డాం. కుదురుతుందా? కుదరకపోతే చెప్పెయ్, పర్లేదు."

ఆయన ఎంత సులువుగా తప్పుకునే దారి ఇచ్చారో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీదే. "లేదండీ, గంటన్నర" అంటే సరిపోయేది. నా నోటికి రాలేదు. మనవాళ్ళని, అందులోనూ పక్క ఊరివాళ్ళని, గుమ్మంలోంచి ఎలా పంపేస్తాం? ఇంకో సంగతి కూడా దాచను. స్కర్టు వేసుకుని వాకిట్లో నిలబడ్డ నాకు, ఇక్కడ నా మాటకి కాస్త విలువ ఉందని వాళ్ళకి చూపించుకోవాలనిపించింది.

"ఎందుకు కుదరదండీ? ఒక్క అరగంట. నేను చూస్తాగా," అన్నాను.

రోజూ పన్నెండున్నరకి నలుగురైదుగురు నో-షోలు పడేవారు. ఆ ధైర్యంతో అన్న మాట అది. అరగంటే కదా అని విమలగారు, షీలా పక్కనున్న పడవ రైడ్‌కి వెళ్ళారు. ప్రభాకర్‌గారు బాత్‌రూమ్ దాకా వెళ్ళొచ్చి గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్నారు. ఆయన చేతిలో చిన్న థర్మాస్ ఒకటి ఉంది. కాఫీ అనుకున్నాను.

పన్నెండున్నర కాకుండానే వాన అందుకుంది. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నపు వాన మామూలే కానీ ఆ రోజు త్వరగా వచ్చింది. వానపడితే మా పని తలకిందులవుతుంది. పేరు రాయించుకున్నవాళ్ళు ఒక్కరూ మానరు, తలదాచుకోవడానికైనా వచ్చేస్తారు. తిన్నవాళ్ళు లేవరు, ఇంకో కాఫీ చెప్పి కిటికీలోంచి వాన చూస్తారు. ఒంటిగంట అయింది. ఒక్క నో-షో లేదు. ఒక్క టేబుల్ ఖాళీ కాలేదు.

నాకు బెంచీ వైపు చూడ్డానికే సిగ్గేసింది. చివరికి వెళ్ళి, "సారీ అండీ, కొంచెం లేటవుతోంది. ఈలోగా నిమ్మరసం ఏమైనా తెప్పించనా?" అన్నాను.

"వద్దమ్మా, పర్లేదు. నీకెందుకు ఇబ్బంది," అన్నారాయన.

సరేనని వెనక్కి వచ్చేశాను. మా అమ్మ చూసి ఉంటే చీవాట్లు పెట్టేది. మన ఇళ్ళలో మొదటిసారి వద్దన్నదాన్ని ఎవరైనా లెక్కలోకి తీసుకుంటారా? గ్లాసు చేతిలో పెట్టేస్తాం. అప్పుడు, "అయ్యో, ఎందుకమ్మా" అంటూ తాగుతారు. కానీ వద్దంటే వద్దనే అర్థమని, రెండోసారి అడిగితే విసిగించినట్టని నాకు ఈ ఉద్యోగం నేర్పింది. ఆయన తెలుగులో వద్దన్నారు. నేను ఇంగ్లీషులో విన్నట్టు విని వచ్చేశాను.

ఒంటిగంటా పావుకి ఆయన లేచి నా దగ్గరికి వచ్చారు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఆ ఉక్కలో చెమట పట్టనివాళ్ళెవరు? నేను పట్టించుకోలేదు.

"ఏమయిందే? ఎంతసేపే ఇంకా?" అన్నారు.

ఒక్కసారిగా 'ఏమయిందే' అనేసరికి నాకు రోషం వచ్చింది. ఇందాకటిదాకా అమ్మా అన్న మనిషి! "ఇంకో పది నిమిషాలండీ," అన్నాను ముక్తసరిగా.

"పది నిమిషాలా? అబద్ధాలకోరుదానా!" అంటూ నా ముందున్న పేర్ల జాబితా మీద చెయ్యి వేసి లాగారు. వరుసలో ఉన్నవాళ్ళు వెనక్కి జరిగారు. మా మేనేజర్ స్టీవ్ పరుగున వచ్చి, ఏమిటి సమస్య అని అడిగాడు. ప్రభాకర్‌గారు అతని మీద కూడా అరిచారు. మాట ముద్దముద్దగా వస్తోంది, కాళ్ళు నిలవడం లేదు.

"తాగి ఉన్నాడు," అన్నాడు స్టీవ్ నాతో మెల్లగా. "సెక్యూరిటీని పిలుస్తాను. నువ్వు దూరంగా ఉండు."

నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. ఆ థర్మాస్‌లో ఉన్నది కాఫీ కాదన్నమాట అనుకున్నాను కూడా. పక్కకి తప్పుకోబోయాను. అంతలో ఒక సంగతి తట్టింది. స్టీవ్ మీద ఆయన అరిచింది తెలుగులో. ఏళ్ళ తరబడి అమెరికన్ల మధ్య పనిచేస్తున్న ఇంజనీరు అమెరికావాడితో తెలుగులో ఎందుకు మాట్లాడతాడు? ఆయనకి ఎదురుగా ఉన్నది ఎవరో తెలియడం లేదు.

దగ్గరికి వెళ్ళి ఆ ముద్దమాటలు విన్నాను.

"అరగంటన్నావు కదే... సూది వేసుకున్నానే... అరగంటన్నావని వేసుకున్నానే..."

అప్పుడర్థమైంది నాకు. మా ఆయన ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసేవారు, షుగర్ రోగుల సంగతులు ఇంట్లో రోజూ చెప్పేవారు. భోజనానికి అరగంట ముందు ఇన్సులిన్ తీసుకుంటారని, తీసుకుని తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుందని, అప్పుడు మనిషి తాగినవాడిలా తూలతాడని, ఇంకా ఆలస్యమైతే స్పృహ తప్పుతాడని, ప్రాణానికే ముప్పని నాకు తెలుసు. థర్మాస్‌లో ఐసు మీద పెట్టుకున్నది ఇన్సులిన్. బాత్‌రూమ్‌కి వెళ్ళింది సూదికి. నేను చెప్పిన అరగంటని గడియారంలా నమ్మి పొడుచుకున్నాడా మనిషి.

"తాగలేదు స్టీవ్! షుగర్ పడిపోయింది!" అని అరిచి, వెయిట్రెస్‌లు డ్రింకులు నింపుకునే చోటికి పరిగెత్తి గ్లాసు నిండా ఆరెంజ్ జ్యూస్ పట్టుకుని, అందులో రెండు పొట్లాల పంచదార కూడా పోసి తెచ్చాను. స్టీవ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏమీ ఇవ్వొద్దు. ఫస్ట్ ఎయిడ్ వాళ్ళకి కబురు పెట్టాను, వస్తున్నారు. ఏదైనా అయితే మన మీదికి వస్తుంది."

"వాళ్ళు ఈ వానలో ఎప్పుడొస్తారు? కావాలంటే నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్," అన్నాను. అంత మాట ఎలా అన్నానో నాకే తెలియదు. అతని చెయ్యి కిందనుంచి దూరి వెళ్ళాను.

ప్రభాకర్‌గారు అప్పటికి బెంచీ మీద కూలబడ్డారు. గ్లాసు పెదాలకి ఆనిస్తే మొహం పక్కకి తిప్పుకుని, "వద్దు... పర్లేదు..." అంటున్నారు. స్పృహ పోతున్న మనిషికి కూడా ఆ మాట పోలేదు! నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. గడ్డం పట్టుకుని, మా ఇంట్లో జ్వరం వచ్చిన పిల్లాణ్ణి గదమాయించినట్టు గదమాయించాను. "పర్లేదు లేదు, ఏం లేదు. తాగు! మింగు ముందు! ఇంకో గుక్క!"

మింగారు. సగం చొక్కా మీద పోయింది, సగం లోపలికి వెళ్ళింది. రెండో గ్లాసు తెచ్చాను. ఆ పది నిమిషాలూ చుట్టూ ఎవరున్నారో, ఎవరేమన్నారో నాకు గుర్తులేదు. ఆయన గొంతు కదులుతోందా లేదా అన్నదొక్కటే చూస్తున్నాను. ప్రభువా, ప్రభువా అని పైకే అంటున్నానని తర్వాత స్టీవ్ చెప్పాడు.

కళ్ళు మెల్లగా ఒకచోట నిలిచాయి. నన్ను చూశారు. చేతిలో గ్లాసు చూశారు. "ఏమైందమ్మా? నిన్నేమైనా అన్నానా?" అన్నారు. ఆ 'అమ్మా' వినగానే నేల మీదే కూర్చుండిపోయాను.

ఫస్ట్ ఎయిడ్ వాళ్ళు వచ్చి చూసి, జ్యూస్ పట్టడం మంచిదైందని, వెంటనే ఏదైనా తినిపించమని చెప్పారు. వాన తగ్గాక విమలగారు, షీలా వచ్చారు. రైడ్ దగ్గర పందిరి కింద చిక్కుకుపోయారట. ఆయన కోసం ఎప్పుడూ దగ్గరుంచే బిస్కెట్లు విమలగారి హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి. విషయం తెలిసి ఆవిడ నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చేశారు. "దేవుడే నిన్ను ఇక్కడ నిలబెట్టాడమ్మా. ఇంకెవరైనా అయితే తాగుబోతు అని పంపేసేవాళ్ళు," అన్నారు. స్టీవ్ నా భుజం తట్టాడు. వాళ్ళని తన ఆఫీసు గదిలో కూర్చోబెట్టి భోజనం అక్కడికే తెప్పించాడు. కెప్టెన్ కూడా వచ్చాడు. అందరూ నన్ను మెచ్చుకుంటుంటే నేను తల దించుకుని ప్లేట్లు సర్దాను. వినయం అనుకున్నారు.

షీలా మాత్రం తినడం ఆపి నన్నే చూస్తోంది. "ఆంటీ, మా ముందు రెడ్ హ్యాట్ లేడీకి నైంటీ మినిట్స్ చెప్పావు. మాకెందుకు థర్టీ చెప్పావు?" అంది.

"షీలా! ఆంటీని అలా అడగొచ్చా?" అని కసిరారు విమలగారు.

"అడగనివ్వండి," అన్నాను. ఇక దాచడం నా వల్ల కాలేదు. "మీరు మనవాళ్ళు కదమ్మా. లేదని చెప్పలేకపోయాను. అరగంటలో అవుతుందని నాకు నిజంగా తెలీదు."

ప్రభాకర్‌గారు తప్పంతా తనదే అన్నట్టు చేతులు చూసుకుంటున్నారు. షీలా గొంతులో నింద లేదు, అర్థంకాకపోవడమే ఉంది.

"కానీ లేదంటే మేం వెళ్ళి హాట్‌డాగ్ తినేవాళ్ళం కదా, ఆంటీ?"

అభిమానం కొద్దీ చెప్పాననుకున్నాను. అందులో నేను మంచిదాన్ని అనిపించుకోవాలన్న ఆశ ఎంత ఉందో పన్నెండేళ్ళ పిల్ల అడిగితే గానీ నాకు కనబడలేదు.

ఆ ఓడ గుమ్మంలో ఇంకో ఆరేళ్ళు పనిచేశాను. మనవాళ్ళు రావడం కూడా ఏటేటా పెరిగింది. తెలుగు వినబడితే చాలు, నవ్వి, ఊరూ పేరూ అడిగి, ఆ వెంటనే, "ఇక్కడ గంటన్నర పడుతుందండీ, వెళ్ళి ముందు ఏదైనా తినేసి రండి" అని చెప్పేదాన్ని. కొందరి మొహాలు మాడిపోయేవి. "మన పిల్లే అయ్యుండి, చూశావా" అని నాకు వినబడేట్టే అనుకుంటూ వెళ్ళేవారు. ఆ మాట ప్రతిసారీ గుచ్చుకునేది. అయినా వాళ్ళు వెళ్ళి హాట్‌డాగ్ బండి ముందు నిలబడేదాకా చూసి, అప్పుడు తర్వాతి పేరు రాసుకునేదాన్ని.