మణవాళనగర్ పూల్ టేబుల్ దగ్గర రెండో పెళ్ళిచూపులు

నాకూ మా ఆవిడకీ పెళ్ళిచూపులు రెండుసార్లు జరిగాయి. మొదటిసారి తిరుత్తణిలో వాళ్ళింట్లో. చుట్టూ పెద్దవాళ్ళు ఉండటంతో మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోనేలేదు. నేను ఆదివారాలు తిరువళ్ళూరు పక్కనున్న మణవాళనగర్‌లో ఒక మేడ మీది క్లబ్బులో పూల్ ఆడతానని మాటల్లో విన్నదట, నాలుగు రోజులకి ఫోన్ చేసింది.

"నేనూ వచ్చి చూస్తా. మా మామ కూడా వస్తాడు. ఒంటిగా పంపించరు మా ఇంట్లో."

చెప్పినట్టే వచ్చింది. వాళ్ళ మేనమామ గోడవారగా కుర్చీలో కూర్చున్నాడు. నన్ను కనిపెట్టి చూడమని ఇంట్లోవాళ్ళు ఆయనకి అప్పజెప్పారని నాకు తర్వాత తెలిసింది.

తనకి ఆట కొత్త. నేను పెద్ద ఆటగాడిలా చెప్పడం మొదలుపెట్టాను. బంతి టేబుల్ అంచుకి ఎంత వాలుగా తగిలితే అంతే వాలుగా రెండో వైపుకి తిరిగి వస్తుందన్నాను. తెల్ల బంతితో ఒక పసుపు బంతిని ఎదుటి అంచుకి కొట్టి, మా వైపు నడిమి పాకెట్‌లో వేస్తానన్నాను. ఊపుగా కొట్టాను. బంతి పాకెట్ దాకా రాకుండా ఇవతలే అంచుకి గుద్దుకుంది. దాన్ని మళ్ళీ అక్కడే పెట్టి ఇంకా గట్టిగా కొట్టాను. ఇంకా ఇవతలే తగిలింది.

"మీరు చెప్పింది బంతికి ఇనపడలేదేమో" అంది నెమ్మదిగా. నాకు నవ్వు ఆగలేదు.

"నేనొక తూరి కొడ్తా. గట్టిగా కొట్టేకొద్దీ అది నేరుగా ఎనక్కొచ్చేస్తా ఉంది. మెల్లంగా కొడ్తే యాడికి పోతాదో సూద్దాం."

కర్ర సరిగ్గా పట్టుకోవడం కూడా రాదు. మెల్లగా తోసింది. పసుపు బంతి తీరిగ్గా దొర్లుతూ ఎదుటి అంచుని తాకి, కాస్త ఎక్కువ వాలుగా తిరిగి, పాకెట్ పెదవి మీద ఒక్క క్షణం తటపటాయించి లోపలికి జారింది. నేను చప్పట్లు కొట్టాను. తను ముఖం దాచుకుని నవ్వింది.

మేనమామ లేచి వచ్చాడు. "ఏమయ్యా, ఓడిపోతే నీకు కోపం రాదా?"

"తనతో ఆడితే రాదేమోనండి" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట.

వాళ్ళని బండెక్కించడానికి నేనూ వెళ్ళాను. తిరువళ్ళూరు స్టేషన్‌లో తిరుత్తణి బండి కోసం నిలబడి ఉండగా ఆయన ఇంటికి ఫోన్ చేసి, నాకు వినబడేట్టే చెప్పాడు: "ఓడిపోయినా నవ్వతా ఉండాడు పిల్లోడు. ఇంకేం చూడాల్సిన పన్లేదు."

మేనమామ పోయి రెండేళ్ళయింది. క్లబ్బు మూసేశారు, ఆ మేడ మీద ఇప్పుడు పిల్లల ట్యూషన్లు నడుస్తున్నాయి. ఆ వీధిలో వెళ్ళినప్పుడల్లా మేమిద్దరం మాటలు ఆపి ఆ కిటికీల వైపు చూస్తాం.