పోర్చుగల్ అమ్మమ్మ వేషం

షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో ఉన్న చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, ఒకరోజు ఒక్కదాన్నే షికాగో రైలెక్కాను. ఎదురు సీట్లో అమ్మాయి అదేపనిగా నా ముఖం చూస్తోంది. పలకరిస్తే, పేరు ఇనేష్ అని, పోర్చుగల్ నుంచి వచ్చి అడ్వర్టైజింగ్ చదువుతున్నానని చెప్పింది. తన దేశం ఆత్మ కనిపించే యాడ్ ఒకటి ఆ సాయంత్రం క్లాసులో చూపించాలట. అమ్మమ్మ వేషం వేయాల్సినావిడ రానందట.

"మీరు అచ్చం మా ఊరి అమ్మమ్మలా ఉన్నారు. ఈ రేకు డబ్బా మూత తీసి, వాసన చూసి, ఒక్క మాట అంటే చాలు."

"నాకు పోర్చుగీసు రాదమ్మా. మాది గుంటూరు."

"మీ భాషలోనే అనండి. కింద ఇంగ్లీషులో అర్థం నేను వేసుకుంటాను."

"అది మోసం కాదూ?"

"డబ్బాలు అమ్మితే యాడ్, ఏడిపిస్తే ఆర్ట్," అంటూ ఫోన్‌లో కెమెరా ఆన్ చేసింది.

డబ్బాలో నూనెలో ఊరిన చేపలున్నాయని ఆ పిల్ల చెప్పలేదు. నేనా, పుట్టి బుద్ధెరిగి చేప ముట్టనిదాన్ని. మూత తీయగానే వాసన గుప్పుమని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో రామా, ఏం కంపే తల్లీ!" అన్నాను.

దిగేటప్పుడు నా నంబరు తీసుకుంది. మర్నాడు మెసేజ్ పెట్టింది. నా మాట కింద "నా సముద్రమా, మళ్ళీ ఇంటికొచ్చాను" అని వేసిందట. క్లాసంతా కళ్ళు తుడుచుకున్నారట. ఇంత బెంగ పోర్చుగల్ వాళ్ళకే సాధ్యమని ప్రొఫెసర్ మెచ్చుకున్నారట. "ఇంతకీ మీరన్నదానికి అర్థమేమిటి?" అని అడిగింది.

దాచడమెందుకని ఉన్నదున్నట్టు రాశాను. పిల్ల నొచ్చుకుందేమోనని నేను మథనపడుతుంటే జవాబొచ్చింది.

"మా అమ్మమ్మ కూడా ఆ డబ్బా తీసినప్పుడల్లా సరిగ్గా అదే అనేది!"