ఎంత చల్లగుంటే అంత మంచిది

ఇమామ్ హుస్సేన్ పదకొండేళ్లుగా చలికి కాపలా కాస్తున్నాడు. అందరూ పంటకో పశువులకో కాపలా కాస్తారు. రాయచోటి ఎండల్లో పుట్టినవాడికి రాసిపెట్టి ఉన్న ఉద్యోగం మాత్రం ఇది! దుబాయ్ జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గడ్డకట్టిన కోళ్లు, చేపలు నిల్వ ఉంచే గోదాములో సూపర్‌వైజరు. బయట నలభై ఎనిమిది డిగ్రీలు కాలుతుంటే లోపల మైనస్ పద్దెనిమిది. ఒంటి మీద రెండు స్వెట్టర్లు, ముక్కు చివర ఎప్పుడూ ఒక నీటిబొట్టు.

పనిలో మాత్రం గట్టివాడు. కంటైనర్ తలుపు తీయగానే దారి పొడుగునా లోపలి చలిని యంత్రం కాగితం మీద గీసిన గీతను చూస్తాడు. గీత పైకి లేచిందా, సరుకు మెత్తబడిందన్నమాట, వాపసు. గీత కొంచెం కూడా కదలకుండా తాడు లాగినట్టు తిన్నగా ఉందా, అప్పుడు మరీ అనుమానం. పెన్ను ఇరుక్కుపోయి ఉంటుంది. లోపల ఏం జరిగిందో అల్లాకే తెలియాలి. “వణకని గీతను నమ్మొద్దురా” అని కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పేవాడు.

ఇల్లు షార్జాలో, మూడో అంతస్తులో ఒక గది. భార్య సబీనా, తొమ్మిదేళ్ల కూతురు అయేషా. ఆ పిల్లకు ఆరేళ్లప్పుడు షుగరు వచ్చింది. తాతలకు రావలసిన జబ్బు పాలపళ్లు ఊడని పిల్లకు రావడమేమిటని సబీనా ఏడవని రోజు లేదు. పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది, బతికినన్నాళ్లూ ఇంతే అన్నారు డాక్టర్లు. మందును ఫ్రిజ్‌లో పెట్టమని నర్సు చెప్పింది. ఇంకా చాలా చెప్పింది పాపం. ఆ రోజు మొగుడూ పెళ్లాలిద్దరికీ చెవులు పనిచేస్తే గదా! ఫ్రిజ్ తలుపు అరలో గుడ్ల పక్కన మందు సీసాలు పెట్టడం అలవాటైంది. కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డు చూపిస్తే సీసాలూ, సూదులూ, రక్తం చూసే పట్టీలూ అన్నీ వచ్చేవి. మూడేళ్లు అలా గడిచిపోయాయి.

రెండువేల ఏడు జూన్‌లో ఆఫీసు గోడకు ఒక కాగితం అంటించారు. ఇంగ్లీషు ముక్కలు సగం అర్థమై సగం కాక, ఇమామ్ హుస్సేన్ ఆఫీసులో పనిచేసే కాకినాడ సూరిబాబు దగ్గరికి వెళ్లాడు.

“మీకేం ఢోకా లేదండి ఇమామ్ గారూ. ఇంట్లోవాళ్లకి కూడా జ్వరాలూ గట్రా వస్తే కార్డు పనిచేస్తుందండి. ఎప్పటికీ పోని జబ్బులు మాత్రం తీసేశారండి” అన్నాడు సూరిబాబు, కళ్లు కాగితం మీదనుంచి ఎత్తకుండా.

“ఎప్పటికీ పోదు గాబట్టే గదన్నా కార్డు కావాల్సింది!”

“నిజమేనండి. ముదీర్, అదేనండి మన మేనేజరు, సంతకం పెట్టేశాడండి. ఖలాస్.”

ఎంత సులువుగా వచ్చేస్తుందో ఆ మాట! ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే గది అద్దె కట్టాక మందు కొనలేడు, మందు కొంటే అద్దె కట్టలేడు. భార్యాబిడ్డల్ని ఊరికి పంపేయమని తెలిసినవాళ్లంతా ఉచిత సలహా ఇచ్చారు. అది మాత్రం వాడి వల్ల కాదు. నలుగురు మగవాళ్ల మధ్య బంక్ బెడ్డు మీద ఆరేళ్లు పడుకుని, ఫోన్లోనే పెళ్లాంతో కాపురం చేసి, చివరికి కష్టపడి తెచ్చుకున్న సంసారం అది. సాయంత్రం బస్సు దిగేసరికి కిటికీలోంచి “నాయనా!” అని అరిచే పిల్ల కోసమే వాడు ఆ చలిలో బతుకుతున్నాడు.

దారి ఒకటి దొరికింది. దుబాయ్‌లో మనవాళ్లకు ఒక ఆచారముంది. ఊరికి పోయొచ్చేవాళ్లు తోటివాళ్ల పార్సిలు మోసుకురావాలి. పచ్చడైనా, గాజులైనా, తాయెత్తైనా, కాదనకూడదు. మందేమో ఇండియాలో చవక. అదే అంతస్తులో బట్టలు కుట్టే సుగ్రా బేగం ఆగస్టులో మేనకోడలి నికాహ్‌కు హైదరాబాద్ పోతోంది. ఆమెకు మందు చీటీ ఇచ్చి ఇమామ్ హుస్సేన్ ఒకటికి పదిసార్లు చెప్పాడు. “ఆపా, ఒక్కటే మాట. చల్లదనం తగ్గగూడదు. ఎంత చల్లగుంటే అంత మంచిది.”

చలి గురించి వాడికంటే తెలిసినవాడెవడు మరి!

“నువ్వు పరేషాన్ కాకు భాయ్. నా బిడ్డకు తెస్తున్నా అనుకుంటా” అంది సుగ్రా బేగం. అన్నట్టే చేసింది, మహాతల్లి. తమ్ముడి ఐస్‌క్రీం దుకాణంలో డీప్ ఫ్రీజర్ అడుగున నాలుగు రోజులు దాచింది. ఫ్లాస్కు నిండా మంచు కూరి, విమానంలో ఒళ్లో పెట్టుకుని, దుఆ చదువుకుంటూ తెచ్చింది. మూత తీస్తే తొమ్మిది సీసాలూ తెల్లగా నూగు పట్టి, రాళ్లలా ఉన్నాయి. ఇమామ్ హుస్సేన్ ఒకదాన్ని చెంపకు ఆనించుకుని మురిసిపోయాడు. “మా గోదాంలో మనుషులకు గూడా ఇంత శ్రద్ధ లేదాపా” అన్నాడు.

ఇంట్లో ఉన్న పాత మందు అయిపోయి, కొత్తది మొదలుపెట్టింది రంజాన్ నెలలోనే. రక్తం చూసే పట్టీలు ఖరీదని రోజూ చూడడం మానేసి వారానికి రెండుసార్లే చూస్తున్నారు. మొదటిసారి మూడువందల ఎనభై. మూడు రోజులాగి చూస్తే నాలుగువందల యాభై. పిల్ల చెంబులు చెంబులు నీళ్లు తాగుతోంది. ఒళ్లు పీక్కుపోయింది.

“ఇది దొంగతనంగా తింటాండాది. ఇంటినిండా ఖర్జూరాలు, పక్కింటోళ్లు పంపిన హల్వా” అన్నాడు ఇమామ్ హుస్సేన్.

“పొద్దస్తమానం నా కండ్ల ముందరే ఉండాది, యాడ తింటాది? ఆ మందే మంచిది గాదేమోనయ్యా.”

“మందు సంగతి నాకు చెప్తావా? అంత జాగ్రత్తగా తెచ్చిన మందు గూడా పనిజేయకుంటే ఇంగ నేను చేసేదేం లేదు. ఇద్దర్నీ ఊరికి పంపియ్యాల్సిందే, అర్థమైందా?”

మంచం మీద అయేషా పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉంది. పేజీ తిప్పలేదు.

ఇఫ్తార్‌కు ఇంకా గంట ఉందనగా దాన్ని దగ్గరికి పిలిచాడు. “నిజం చెప్పు. తింటివా?”

పిల్ల అమ్మ వైపు చూసింది, నాయన వైపు చూసింది. “తింటి నాయనా. నాలుగు ఖర్జూరాలు. నిన్న గూడా తింటి” అంది.

ఉపవాసంతో ఉన్న మనిషి, చెయ్యి లేచింది. చెంప మీద ఒక్కటిచ్చాడు. అంతవరకూ ఎన్నడూ వేలు పడని చెంప. అది ఏడవలేదు, నీళ్లు తాగుతానని మాత్రం అడిగింది. సబీనా ఖర్జూరాల డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం గోదాముకు ఫోనొచ్చింది. పిల్ల వాంతులు చేసుకుంటోంది, ఎగశ్వాస వస్తోంది, పిలిస్తే పలకడం లేదు. సుగ్రా బేగం టాక్సీ పిలిపించి తల్లినీ పిల్లనూ ఆస్పత్రికి చేర్చింది. ఇమామ్ హుస్సేన్ స్వెట్టర్లతోనే పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి అయేషాకు గొట్టాలు పెట్టి ఉన్నాయి. సబీనా సంచిలో తెచ్చిన సీసాను డాక్టరు వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. పాలలా ఉండాల్సిన మందులో విరిగిన పాలలా పలుకులు, అద్దానికి అంటుకున్న మరకలు.

“ఇది ఎప్పుడైనా గడ్డకట్టిందా?” అని హిందీలో అడిగాడు డాక్టరు.

“ఎప్పుడైనా ఏంది సార్, రాయి మాదిరి తెచ్చినారు, ఒక్క నిమిషం గూడా...” గొప్పగానే మొదలుపెట్టాడు. డాక్టరు మొహం చూసి మాట ఆగిపోయింది.

గడ్డకట్టిన మందు చచ్చిన మందు. చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. మళ్లీ కరిగినా ఆ మందును నమ్మకూడదు. అంతేనట. చలి గురించి అన్నీ తెలుసనుకున్నవాడికి ఇదొక్కటే తెలియలేదు. కోళ్లకూ చేపలకూ పనికొచ్చే తెలివిని కన్నబిడ్డ ప్రాణం మీద పెట్టాడు. తల బాదుకున్నా ఏం లాభం! మెట్ల మీద కూర్చుని, స్వెట్టరు చేతిని నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. పిల్ల దక్కింది. అది మాత్రం దేవుడి దయ.

నాలుగో రోజు అయేషా లేచి కూర్చుంది. ఇమామ్ హుస్సేన్ దాని చెయ్యి పట్టుకుని, “మందే చెడిపోయింది గదమ్మా. నువ్వు తినలేదు గదా?” అన్నాడు.

లేదన్నట్టు తల ఊపింది.

“మరి తింటినని ఎందుకు చెప్పినావు తల్లీ?”

“మందు బాగలేకుంటే మమ్మల్ని ఊరికి పంపిస్తానంటివి గదా. నేను తింటినంటే మందు బాగున్నట్టే గదా నాయనా.”



అయినా పంపక తప్పలేదు. ఆస్పత్రి ఖర్చుకు చేబదుళ్లు తెచ్చాడు, ఆపైన ఇక్కడ మందు కొనే దారి లేదు. వీసా కాన్సిల్ కాగితాలు సూరిబాబే రాసిపెట్టాడు, ఈసారి కళ్లెత్తి చూస్తూ. “నా మందు బిడ్డకు పనిచేసిందా భాయ్?” అని ఎయిర్‌పోర్టు టాక్సీ దగ్గర సుగ్రా బేగం అడిగితే, “చేసిందాపా” అన్నాడు ఇమామ్ హుస్సేన్. ఆమెకు నిజం చెప్పి ఏం బావుకుంటాడు!

ఇప్పుడు వాడు మళ్లీ నలుగురి మధ్య బంక్ బెడ్డు మీద ఉన్నాడు. ప్రతి శుక్రవారం నమాజు కాగానే రాయచోటికి ఫోన్ చేస్తాడు.

“షుగరెంతుందమ్మా?”

“నూటిరవై నాయనా.”

పోయిన వారమూ నూటిరవై. అంతకు ముందు వారమూ నూటిరవై. సబీనాను అడిగినా అదే అంకె చెబుతుంది. జ్వరమొచ్చిన వారం కూడా అంతే అన్నారు.

“మంచిదమ్మా, మంచిది” అని ఫోన్ పెట్టేస్తాడు. వణకని గీతను నమ్మకూడదని అందరికీ చెప్పేవాడు, ఆ పిల్లను మాత్రం ఇంకోసారి నిజం చెప్పమని అడగలేకపోతున్నాడు.